దూది ఒప్పుకున్నది

శాంతకు కుక్కలంటే మొదటినుంచీ గిట్టదు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. లేకపోతే తర్వాత జరిగింది విని ఆమెను మూగజీవాల మీద ప్రాణం పెట్టే మహాతల్లిని చేసేస్తారు జనం. అంత లేదు. దూదిని ఇంటికి తెచ్చింది ఆమె మొగుడు దశరథం. సిరిసిల్లలో నాలుగు మరమగ్గాలు ఆడించుకుంటున్న రోజుల్లో ఎవరో ఇస్తే చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు, తెల్లటి బొచ్చు కుక్కపిల్లను. "దూది తీర్గ లేదానే?" అని మురిసిపోయాడు.

"దూదైతే వడుకు. నా వంటింట్లకు మాత్రం రానియ్యకు" అంది శాంత. పేరు మాత్రం అదే నిలిచిపోయింది. ఆనాటి నుంచి దానికింత అన్నం పెట్టేదీ ఆమే, చీపురు పట్టుకుని తరిమేదీ ఆమే.

అలాంటి శాంతకు ఆ కుక్కే దిక్కయింది. దశరథానికి పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి ఆడాలి, ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. ఆడాలి గానీ ఆయన ఆడించడే! చేతిలో రబ్బరు బంతి పెడితే ఒళ్లోంచి జారి మంచం కిందికి దొర్లేది. చెంచా పెట్టినా అంతే. దూది వచ్చి కుర్చీ పక్కన తల పైకెత్తి కూర్చుంటే మాత్రం ఆ చెయ్యి మెల్లగా కిందికి జారేది. బొటనవేలూ చూపుడువేలూ దాని బొచ్చులో తిరుగుతూ, తెగిన పోగును అతికినట్టు ఏదో చేసేవి. మగ్గం మీద బతికిన చెయ్యి కదా మరి, దానికి అదే పని గుర్తుంది.

"చెయ్యి ఆడితే మెల్లమెల్లగ మాట గూడ రావచ్చమ్మా, ఆశ ఇడిసిపెట్టకుండ్రి" అన్నాడు అది చూసిన డాక్టరు. రావచ్చు అన్నాడు, వస్తుందని అనలేదు. శాంతకు ఆ తేడా వినపడలేదు. కుక్క ఉంటే చెయ్యి ఆడుతుంది, చెయ్యి ఆడితే మనిషి తిరిగొస్తాడు. ఆమె ఆశంతా అక్కడే ఉంది.

కానీ దూదికి బొచ్చు దువ్వే మనిషి మంచాన పడ్డాడు కదా! రెండేళ్లలో ఆ తెల్లటి బొచ్చు అట్టలు కట్టింది. చెవుల వెనక, పొట్ట కింద చాపముక్కల్లా తయారైంది. లోపల పిడుదులు చేరాయి, పుండ్లు పడ్డాయి, దగ్గరికి వస్తే వాసన. కొడుకు శ్రీధర్‌కు ఓపిక నశించింది.

"బాపుకు అసలే వీపు మీద పుండ్లు అయితున్నయి. దీని పిడుదులు గాయిన మీదికి ఎక్కితే ఏంది గతి? ఆదివారం దాక చూస్త అమ్మా. కడిగిపిస్తివా, సరే. లేకుంటే గంభీరావుపేట దిక్కు తోలుకపోయి ఎవరి బావికాడన్న ఇడిసి వస్త."

"ఇడిస్తే మీ బాపు చెయ్యి ఏమైతదిరా?"

"మరి నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటవు?"

వాడన్నదాంట్లో తప్పు లేదు. అందుకే శాంత కోరుట్లలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది.

ఆదివారం అంటే ఆ ఇంట్లో దశరథం స్నానం రోజు. అదొక పెద్ద తతంగం. మంగలి పోశం తన దుకాణం కట్టేసి సాయంత్రం వస్తాడు. పడిపోకుండా శ్రీధర్ తండ్రిని తువ్వాలతో కుర్చీకి కట్టేస్తాడు. పోశం గడ్డం గీస్తుంటే దశరథం ఆవులిస్తాడు. "నిద్రొస్తున్నట్టున్నది, జల్ది కానియ్యి" అంటుంది శాంత. పెదాలు నాలుకతో తడుపుకుంటాడు. "దూపైతుందా?" అని గ్లాసు నోటికి పెడుతుంది. మొహం గోడ వైపు తిప్పుకుంటాడు, పోశం గదవ పట్టుకుని మళ్లీ ఇటు తిప్పుతాడు. మొదటి చెంబు నీళ్లు పడగానే భుజాలు జల్లున వణుకుతాయి.

"ఆఁ, ఒప్పుకున్నడు! ఇగ పోయుండ్రి" అని నవ్వేది శాంత. అందరూ నవ్వేవాళ్లు.

ఆ నవ్వులాట ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. పోచమ్మకు బలిచ్చే మేకను, అదే యాటను, కోసేముందు ఆమె తల్లి బుచ్చవ్వ దాని మీద పసుపు నీళ్లు చల్లేది. యాట ఒళ్లంతా దులిపితే బలికి ఒప్పుకున్నట్టు. దులిపేదాకా కత్తి ఎత్తేవాళ్లు కాదు, ఎంతసేపైనా చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. దులపకపోతే మళ్లీ నీళ్లు. శాంతా, తమ్ముడు భూమేశూ కూర మీద ఆశతో పక్కనే నిలబడి "ఒప్పుకోవే, ఒప్పుకోవే" అని బతిమిలాడేవాళ్లు. అది ఒళ్లు దులపగానే డప్పులు మోగేవి. చన్నీళ్లు పడితే ఏ జీవమైనా వణుకుతుందని ఆ ఇద్దరికీ ఎన్నడూ తోచలేదు. తోస్తే పండగెట్లా అవుతుంది!

ఆ భూమేశే దుబాయి వెళ్లి, అక్కడ కుక్కలకు స్నానాలు చేయించి బొచ్చు కత్తిరించే దుకాణంలో పనిచేసి తిరిగొచ్చాడు. కోరుట్లలో ఒక షట్టర్ తీసుకుని అదే దుకాణం తెరిచాడు. ఊరంతా పడీపడీ నవ్వింది. నవ్విన ఇళ్లలోంచే ఒక్కొక్కటిగా కుక్కలు రావడం మొదలైంది. భూమేశ్ మనసు మంచిదే, చేతిలో పని కూడా ఉంది. తొందర ఒక్కటే ఎక్కువ. దుబాయిలో ఒక కుక్క దిగేలోపు ఇంకో కుక్క బల్ల ఎక్కాలి, వాడికి ఆ వేగమే పని అని తలకెక్కింది.

ఆదివారం తెల్లారేసరికి తన వ్యాన్ తీసుకుని సిరిసిల్ల వచ్చాడు. "అక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు. మాపటికల్లా పెండ్లిపిల్ల తీర్గ చేసి బావ ముందట కూసోవెడ్త" అన్నాడు. దశరథం చేతికి దూది తల అందేలా ఎత్తి పట్టుకున్నాడు. ఆ రెండు వేళ్లూ దాని చెవి వెనక అట్టను పట్టుకుని విడదీయబోయాయి. "ఇడిసిపెట్టు బావా, తెస్తగదా!" అని భూమేశ్ ఆ వేళ్లను తప్పించి కుక్కను తీసుకుపోయాడు. శాంత కూడా వ్యాన్ ఎక్కింది.

వ్యానులో దారి పొడవునా దూది చొంగ కార్చింది. దుకాణం గడప దగ్గరికి వచ్చాక నాలుగు కాళ్లూ తన్నిపెట్టి ఇంక కదలనంది. లోపల షాంపూ వాసన, వేరే కుక్కల వాసన. "ఇగో, నకరాలు మొదలైనయి" అని భూమేశ్ దాన్ని చంకలో ఎత్తుకుని బల్ల మీద నిలబెట్టాడు. బల్లకు ఒక ఇనప కడ్డీ, దానికి వేలాడే తాడు. ఆ తాడును దాని మెడకు వేశాడు.

ఎండాకాలం. బొచ్చు రోడ్డు మీదికి ఎగరకుండా షట్టర్ సగం దించాడు. లోపల ఎగరకుండా ఫ్యాన్ ఆపాడు. శాంత కొంగుతో మొహం తుడుచుకుంటూ చూస్తోంది. బల్ల మీద దూది అడుగులు తడితడిగా పడుతున్నాయి.

"ఇదేందిరా, నీళ్లల్ల నడిచిందా?"

"చెమటక్కా. కుక్కలకు పాదాలకే చెమట వస్తది." ఆ సంగతి వాడికి తెలుసు. ఆ చెమట ఎందుకు పడుతుందో ఆలోచించే తీరికే వాడికి లేదు.

దూది నోరు బార్లా తెరిచి ఆవులించింది. "నిద్ర మబ్బులనే లేపుకొచ్చినం గదా" అంది శాంత. మళ్లీ ఆవులించింది, మూతి నాక్కుంది, మొహం పక్కకు తిప్పుకుంది. భూమేశ్ బొచ్చు కత్తిరించే మిషన్ ఆన్ చేశాడు. గుయ్యిమన్న ఆ చప్పుడు మెడ దగ్గరికి రాగానే దూది తల నుంచి తోక దాకా ఒళ్లంతా ఒక్కసారి దులిపింది. ఇంకా దాని మీద ఒక్క చుక్క నీళ్లు పడలేదు.

భూమేశ్ మిషన్ ఆపి అక్క వైపు చూశాడు. మొహమంతా నవ్వు.

"అక్కా, సూశినవా? ఒప్పుకున్నది!"

శాంత కూడా నవ్వింది. ఒప్పుకుంది, ఇంక భయం లేదు. అమ్మ బుచ్చవ్వ గుర్తొచ్చింది. "అయితే ఇగ కానియ్యిరా" అంది. ఆ మాట అన్నది ఆమే, ఇంకెవరూ కాదు.

అట్టలు చర్మాన్ని పట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్కటి లాగి కత్తిరిస్తుంటే దూది కేకలు పెట్టింది, ఒకసారి చేతి మీదికి పళ్లు తెచ్చింది. కరవలేదు, చూపించిందంతే. భూమేశ్ ఒక గుడ్డపీలిక తీసి దాని మూతికి గట్టిగా చుట్టి ముడేశాడు. "జర సేపే. అక్కా, నువ్వు తలకాయ పట్టుకో."

శాంత పట్టుకుంది. దూది కళ్లు పైకి తిరిగి తెల్లగుడ్లు కనపడుతున్నాయి. అది ముందు కాలు లేపి ఆమె మోచేతి మీద పెట్టింది. తర్వాత నుదురు తెచ్చి ఆమె కడుపుకు ఆనించి అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లలో అది తనంతట తాను శాంత దగ్గరికి రావడం అదే మొదలు. చీపురు తప్ప చేతితో ముట్టని మనిషి దగ్గరికి వచ్చిందంటే, దానికి ఇంక వేరే దారి లేదన్నమాట.

"జరసేపు ఆపుదామారా?"

"ఆపితే మళ్ల మొదటి నుంచి షురూ చెయ్యాలక్కా. అయిపాయె, ఇగ నీళ్లు పోసి ఆరవెట్టుడే."

శ్రీధర్ మాట గుర్తొచ్చింది శాంతకు. ఈ రోజు కడగకపోతే రేపు ఇది ఉండదు. "నిలవడు, నిలవడు, మీ అయ్య కోసమే" అని దాని తలను తన కడుపు మీంచి తీసి మళ్లీ బల్ల మధ్యకు నెట్టింది.

నీళ్లు పోశారు. వేడిగాలి కొట్టే మిషన్ పెట్టారు. మూతికి గుడ్డ అలాగే ఉంది, నాలుక బయటికి వేసి రొప్పడానికి లేదు. కాసేపటికి దూది గింజుకోవడం మానేసింది. అరవడం లేదు, తల తిప్పడం లేదు. బొమ్మను నిలబెట్టినట్టు నిలబడింది.

"ఇగో, ఇప్పుడు దారికొచ్చింది. ఎంత బుద్ధిగ నిలవడ్డదో సూడు" అన్నాడు భూమేశ్. వాడు ఇంకోవైపు ఆరబెట్టడానికి బల్ల చుట్టూ తిరిగి వచ్చేలోపు దాని వెనక కాళ్లు మడతపడ్డాయి. తాడుకు వేలాడింది.

"అయ్యో! ఓరి భూమేశూ!" అని శాంత అరిచిన అరుపుకు పక్క దుకాణం వాళ్లు షట్టర్ కింది నుంచి తొంగిచూశారు. భూమేశ్ తాడు కోశాడు, మూతికి కట్టిన గుడ్డ పీకేశాడు. నాలుక నల్లబడింది. ఆదివారం, కోరుట్లలో పశువుల డాక్టరు దొరకలేదు. జగిత్యాలలో ఎవరో ప్రైవేటు డాక్టరమ్మ ఉందంటే వ్యాన్ అటు తిప్పారు. దారిలో శాంత వ్యానులోని తువ్వాల తడిపి దాని ఒంటికి కప్పింది, కొంగుతో విసిరింది. "దూదీ, ఓ దూదీ" అని పిలుస్తూనే ఉంది. ఇన్నేళ్లలో దాన్ని పేరు పెట్టి పిలిచింది తక్కువే. జగిత్యాల మొదట్లో పెట్రోలు బంకు దాటాక దాని పొట్ట ఎగరడం ఆగింది.

డాక్టరమ్మ పేరు రాధిక. గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత మెల్లగా దాని కళ్లు మూసింది. వేడి, భయం, పైగా వయసు మళ్లిన గుండె అంది. ఏం జరిగిందో మొత్తం చెప్పించుకుంది.

"బల్ల ఎక్కియ్యంగనే ఆవులించిందా?"

"ఆవులించింది. నిద్రొస్తుందనుకున్న."

"మూతి నాక్కున్నదా? మొహం తిప్పుకున్నదా?"

"తిప్పుకున్నది."

"ఒళ్లు దులుపుకున్నదా, నీళ్లు పొయ్యకముందే?"

శాంత తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు నేల వైపు చూశాడు.

"దులుపుకున్నది" అన్నాడు భూమేశ్. "ఒప్పుకున్నదనుకున్నం మేడం. మా దిక్కు యాట..." అని ఆగిపోయాడు.

డాక్టరమ్మది కూడా అదే దిక్కు. యాట సంగతి ఆమెకు విడమరిచి చెప్పనక్కర్లేదు. కోపం వచ్చినా మింగుకున్నట్టుంది.

"అది భయం, అన్నా. ఆవులించుడు, మూతి నాక్కునుడు, మొహం తిప్పుకునుడు, అన్నీ వద్దని చెప్పుడే. భయం ఎక్కువైతే గట్ల దులుపుకుంటది, ఇగ చాలు అన్నట్టు. అప్పుడు మీరు మిషన్ బంద్ చేసి, తాడు తీసి, కిందికి దించితే దానికి పాణం తెరిపినవడుతుండె. అన్నీ ఒక్కనాడే చెయ్యాల్నని ఎవరు చెప్పిండ్రు? ఇయ్యాల ఉత్తగ మిషన్ వాసన చూపెట్టుండ్రి, రేపు ఒక్క కాలు చెయ్యుండ్రి. మొహం తిప్పుకుంటే చెయ్యి తియ్యాలె. తీసినంక అదే మళ్ల దగ్గరికొస్తే అప్పుడు ముట్టాలె. గదే అడిగి చేసుడంటే."

"దుబాయిల గూడ గిట్లనే కట్టేసి చేస్తుంటిమి మేడం..."

"ఆడ ఇంటికి పొయినంక ఎన్ని సచ్చినయో నీకు ఫోన్ చేసి చెప్పిండ్రా?"

భూమేశ్ బయటికి వెళ్లి వ్యాన్ చక్రం పక్కన కూలబడ్డాడు. చేతుల్లో మొహం పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వాణ్ని ఓదార్చే ఓపిక శాంతకు లేదు.

"ఆఖరికి అయితే మంచిగనే నిలవడ్డది డాక్టరమ్మా" అంది. ఆ ఒక్కటైనా మిగిలితే బాగుండునని ఆమె ఆశ. "సప్పుడు జెయ్యలె. కదలలె."

"కదలకుంట అయ్యిందంటే ఒప్పుకున్నట్టు కాదమ్మా. ఎంత చెప్పినా ఎవరు ఇంటలేరని బిగుసుకపోయినట్టు. భయంల గదే ఆఖరు మెట్టు."

"కుక్కను అడుగుడేందమ్మా..." అంది శాంత.

"నోరు లేనోళ్లను ఇంకెట్ల అడుగుతరు? గట్లనే సూసి తెలుసుకోవాలె."

తిరుగు దారిలో శాంత గోనెసంచిలో చుట్టిన దూదిని ఒళ్లో పెట్టుకుంది. బొచ్చు గీసిన శరీరం, ఒక చెవి వెనక ఒక్క అట్ట మాత్రం అలాగే మిగిలిపోయింది. పొద్దున దశరథం వేళ్లు పట్టుకున్న అట్ట అది. ఆయనకు ఏమని చెప్పాలి? చెప్తే అర్థమవుతుందా? అర్థమైనట్టు ఎట్లా తెలుస్తుంది? ఆ మొహంలో ఏముందో ఈ రెండేళ్లలో తాను ఎన్నడైనా సరిగ్గా చూసిందా అని మనసులో ఎక్కడో మెదిలింది. వేములవాడ దాటేసరికి ఆ ఆలోచన ముల్లులా దిగింది.

ఇంటి ముందు వ్యాన్ ఆగినా భూమేశ్ దిగలేదు. బావ మొహం చూసే ధైర్యం వాడికి లేదు. శాంత సంచిని సీటు మీద పెట్టి లోపలికి వెళ్లింది.

పెరట్లో స్నానం మొదలైపోయింది. దశరథం కుర్చీలో ఉన్నాడు. తువ్వాల నడుం చుట్టూ బిగించి ఉంది. పోశం కత్తి గదవ కింద ఆడుతోంది.

"అచ్చినవా శాంతక్కా? అన్న ఇయ్యాల మస్తు బుద్ధిగున్నడు" అన్నాడు పోశం.

దశరథం ఆవులించాడు. నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. పోశం చెయ్యి అలవాటుగా గదవ పట్టుకుని ఇటు తిప్పింది. ఆయన కళ్లలో తెల్లగుడ్లు కనపడ్డాయి. శ్రీధర్ చెంబు ముంచి తల మీద పోశాడు. భుజాలు జల్లున వణికాయి.

"బాపు ఒప్పుకున్నడమ్మా" అని నవ్వాడు శ్రీధర్. తల్లి నేర్పిన నవ్వే.

"ఆపుండ్రిరా!"

ఆ కేకకు పోశం చేతిలో కత్తి ఆగింది. శాంత పరుగెత్తుకెళ్లి శ్రీధర్ చేతిలో చెంబు లాక్కుంది. తువ్వాల ముడి విప్పబోతే తడికి బిగుసుకుని ఊడి రాలేదు, పళ్లతో పీకింది. "ఏమైందమ్మా? కుక్క ఏది?" అని శ్రీధర్ అడుగుతున్నాడు. ఆమె వినడం లేదు. రెండేళ్ల ఆదివారాలన్నీ ఒక్కటొక్కటిగా కళ్ల ముందుకొస్తున్నాయి. నిద్రొస్తుందని తాను అన్నవి, దూపైతుందని గ్లాసు పెట్టినవి, ఒప్పుకున్నాడని నవ్వినవి. ఆ తర్వాత ఆయన కదలకుండా బొమ్మలా కూర్చుంటే, ఎంత బుద్ధిమంతుడో అని పొరుగువాళ్లకు గొప్పగా చెప్పుకున్నవి.

మొగుడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చెంబు చూపించింది.

"పొయ్యాల్నా? వద్దా? నువ్వెట్లంటే గట్లనే" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన్ని ఇంత మెల్లగా ఏదీ అడగలేదు.

దశరథం చెంబును చూశాడు. మొహం తిప్పుకున్నాడు. శాంత చెంబు దూరంగా నేల మీద పెట్టేసింది. ఆయన భుజాలు కొంచెం దిగాయి. ఊపిరి వదిలాడు. శాంతకు ఏడుపు తన్నుకొచ్చింది. అడిగింది, ఆయన చెప్పాడు. ఇంత సులువా! ఇన్నాళ్లూ ఆయన చెబుతూనే ఉన్నాడు.

అప్పుడు ఆయన ఎడమ చెయ్యి కదిలింది. కుర్చీ అంచు మీది నుంచి మెల్లగా కిందికి జారింది. సాయంత్రమైంది కదా, దూది వచ్చే వేళ. బొటనవేలూ చూపుడువేలూ గాలిలో వెతికాయి. ఇంకొంచెం కిందికి వంగి మళ్లీ వెతికాయి.

శాంత చూడలేకపోయింది. ముందుకు వంగి, కుక్క తల ఉండే చోట తన తల పెట్టింది. వేళ్లు ఆమె జుట్టుకు తగిలాయి. ఒక పాయను పట్టుకుని రెండుసార్లు నలిపాయి. తర్వాత ఆగిపోయాయి.

"నేనేనయ్యా, నేనే" అంది శాంత.

చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్లి ఆయన ఒళ్లో పడింది. శాంత తల ఎత్తి చూసింది. దశరథం ఆమె వైపు చూడటం లేదు. మొహం గోడకు తిప్పుకుని, నోరంతా తెరిచి ఆవులించాడు. ఆ ఆవులింతకు అర్థం ఇప్పుడు ఆమెకు తెలుసు.